పురుషుల సమాజం చరిత్ర: మినిట్స్ పుస్తకం నుంచి అచ్చు దాకా

స్వర్ణోత్సవం ఇంకో ఆరు నెలలుందనగా చర్చిలోని పురుషుల సమాజం కమిటీ కూర్చుని సావనీర్ వేద్దామని, అందులో చరిత్ర కూడా పెడదామని తీర్మానిస్తుంది. రాసే పని చేతిరాత బాగున్న ఒక రిటైర్డ్ మాస్టారి మీద పడుతుంది. చివరికి అచ్చయ్యేవి శుభాకాంక్షల సందేశాలు, వరుసగా అధ్యక్షుల ఫొటోలు, దుకాణాల ప్రకటనలు, వాటి మధ్య ఇరుక్కున్న రెండు పేజీల చరిత్ర. ఏ ఏడు ఎవరు పదవిలో ఉన్నారో అందులో దొరుకుతుంది. సమాజం ఏం చేసిందో మాత్రం దొరకదు. సమాధుల తోటకు కంచె ఎప్పుడు వేశారు, తుపానుకు ఎన్ని బస్తాలు పంపారు, దిక్కులేని ముసలమ్మ చనిపోతే పెట్టెకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది అని వెతికితే ఒక్క వాక్యం కూడా కనబడదు.

పురుషుల సమాజమంటే పని. దాని చరిత్ర కూడా ఆ పని చరిత్రే కావాలి. ఆ చరిత్రకు ఆధారం ప్రసంగాల్లో ఉండదు, కూటాల తీర్మానాలు రాసిపెట్టే మినిట్స్ పుస్తకంలోనూ నగదు పుస్తకంలోనూ ఉంటుంది. ఆ రెండింటినీ పట్టుకుని చరిత్ర ఎలా రాయాలో ఇక్కడ వివరిస్తున్నాం. సిఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, బాప్టిస్టు, కతోలిక సంఘాలలో పేర్లు వేరైనా కాగితాల తీరు దాదాపు ఒకటే.

ముందు గడువు, మనుషులు. ఆరు నెలలు చాలవు. కాగితాలు వెతకడానికి మూడు నెలలు, స్కానింగుకూ చదవడానికీ మూడు, పెద్దల దగ్గర కూర్చోవడానికి రెండు, రాయడానికి రెండు, ప్రూఫులకూ అచ్చుకూ రెండు, మొత్తం ఏడాది పెట్టుకోండి. మనుషులు నలుగురు చాలు. పాత చేతిరాత చదవగలిగినవారు ఒకరు, ఫోను, కంప్యూటరు తెలిసిన కుర్రాడు ఒకడు, ఊళ్ళో ప్రతి ఇంటికీ చనువుగా వెళ్ళగలిగినవారు ఒకరు, రాసేవారు ఒకరు. ప్రస్తుత అధ్యక్షుణ్ణి రాసేవారిగా పెట్టకండి. ఆయన ఎంత నిజాయితీపరుడైనా తన హయాం గురించి తానే రాసుకుంటే చదివేవాళ్ళకు నమ్మకం కుదరదు.

మొదలుపెట్టేముందు కమిటీలో ఒక తీర్మానం రాయించి సంతకాలు తీసుకోండి. పాత పుస్తకాలు ఎవరి దగ్గరున్నా ఈ నలుగురికి చూపించాలని, చూశాక రశీదు ప్రకారం తిరిగి ఇచ్చేయాలని అందులో ఉండాలి. ఈ ఒక్క కాగితం లేక సగం ఇళ్ళలో పెట్టెలు తెరుచుకోవు.

స్థాపన సంవత్సరం దగ్గరే మొదటి పొరపాటు

"మా సిఎస్ఐ పురుషుల సహవాసం 1938లో స్థాపించబడినది" అని శిలాఫలకం మీద చెక్కించి ఉంటుంది. దక్షిణ ఇండియా సంఘం పలు సంఘాల ఐక్యతగా 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. దానికి ముందు కృష్ణా ప్రాంతంలో ఉన్నది చర్చ్ మిషనరీ సొసైటీ (సిఎంఎస్) ఆంగ్లికన్ సంఘం. మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు, కడప వైపు లండన్ మిషన్ ఉండేవి. నంద్యాల ప్రాంతంలోనైతే కొన్ని ఆంగ్లికన్ సంఘాలు 1947లో ఐక్యతలో చేరనే లేదు. కాబట్టి 1938లో కూటం మొదలైన మాట నిజమే కావచ్చు, కానీ అప్పటి పేరు అది కాదు. అలాగే ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం పేరు 1927లో వచ్చింది. గుంటూరులో లూథరన్ పని అంతకు చాలా ముందు, 1842లో మిషనరీ హయ్యర్ గారితోనే మొదలైంది. 1956 నవంబరు 1కి ముందు జరిగినదానికి "ఆంధ్రప్రదేశ్" అని రాయకూడదు. కోస్తా, సీమ జిల్లాల వాళ్ళు 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలోనూ ఆ తర్వాత ఆంధ్ర రాష్ట్రంలోనూ ఉన్నారు. తెలంగాణవాళ్ళు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నారు.

అందుకని ఒక్క సంవత్సరం కోసం పట్టుబట్టకుండా మూడు సంవత్సరాలు విడివిడిగా వెతకండి. మొదటిసారి కూడినది ఎప్పుడు, ఇప్పటి పేరు పెట్టుకున్నది ఎప్పుడు, మాతృసంఘం గుర్తింపో రిజిస్ట్రేషనో వచ్చినది ఎప్పుడు అన్నవి ఆ మూడు. చాలా సమాజాల్లో వీటి మధ్య పదేళ్ళ తేడా ఉంటుంది. మూడూ రాసి, దేన్ని పుట్టినరోజుగా లెక్కపెడుతున్నారో చెప్పండి.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు ఉంటే దానిమీద ఏ చట్టం పేరుందో చూడండి. కోస్తా, రాయలసీమల్లో పాత సర్టిఫికెట్లు 1860 నాటి సొసైటీల చట్టం కింద ఉంటాయి. తెలంగాణలో 1350 ఫసలీ (నిజాం రాజ్యంలో వాడిన సంవత్సరాల లెక్క) చట్టం పేరు కనిపిస్తుంది. 2001లో వచ్చిన కొత్త చట్టం ఈ రెండింటి స్థానంలోనూ అమల్లోకి వచ్చింది. 1350 ఫసలీ అని చూసి కంగారు పడొద్దు. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం, అంటే 1940, వస్తుంది. అది చట్టం వచ్చిన సంవత్సరం మాత్రమే, మీ సమాజం రిజిస్టరైన సంవత్సరం కాదు. ఈ రెండింటినీ కలిపేసి సమాజానికి ఇరవై ముప్ఫై ఏళ్ళ వయసు ఎక్కువ కట్టేస్తుంటారు. సర్టిఫికెట్టు పోయి నంబరు మాత్రం తెలిస్తే జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో నకలుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. విడిగా రిజిస్టరు కాకుండా సంఘం నీడలోనే నడిచిన సమాజాలకు ఈ గొడవ లేదు.

ఈ తరహా కూటాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఒక పేరా చాలు, ఎక్కువ వద్దు. పారిస్‌లో 1833 ఏప్రిల్ 23న ఫ్రెడెరిక్ ఒజానాం అనే ఇరవయ్యేళ్ళ విద్యార్థి తోటి కుర్రాళ్ళతో మొదలుపెట్టినదే తర్వాత విన్సెంట్ డీ పాల్ సొసైటీ అయింది. బీదల ఇళ్ళకు వెళ్ళి కలవడం దాని ముఖ్యమైన నియమం. లండన్‌లో 1844 జూన్ 6న వైఎంసిఎ పుట్టింది. చికాగోలో 1883 నవంబరు 30న బ్రదర్‌హుడ్ ఆఫ్ సెయింట్ ఆండ్రూ, ఇంగ్లండులో 1899లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ మెన్స్ సొసైటీ మొదలయ్యాయి. మీ సమాజానికి వీటిలో దేనితోనైనా నిజంగా సంబంధముందని పాత నియమావళిలోనో ఉత్తరంలోనో కనబడితేనే ఆ సంగతి రాయండి. వినడానికి గొప్పగా ఉందని అతికించకండి.

కాగితాలు ఎక్కడుంటాయి

గుడి ఆఫీసు బీరువాలో ఉంటాయనుకుంటారు. సాధారణంగా ఉండవు. మాజీ కార్యదర్శుల ఇళ్ళలో, కోశాధికారుల ట్రంకుపెట్టెల్లో, చనిపోయినవారైతే కోడలి అటక మీద ఉంటాయి. పదవిలో ఉన్నవారి జాబితా ముందుగా వేసుకుని ఒక్కొక్క ఇంటికీ వెళ్ళాలి. "చరిత్ర రాస్తున్నాం, పుస్తకాలున్నాయా" అని అడిగితే లేవనే అంటారు. "మామయ్యగారి చేతిరాత ఉన్న కాగితం ఏదైనా ఉందా అమ్మా" అని అడిగితే పెట్టె దిగుతుంది.

మినిట్స్ పుస్తకం, నగదు పుస్తకం, చందా రిజిస్టరు, రశీదు పుస్తకాల అడుగు చీటీలు, వోచర్ల కట్టలు, బ్యాంకు పాసుపుస్తకం, వచ్చిన ఉత్తరాలు, క్రిస్మస్ కరపత్రాలు, ఫొటోలు అన్నీ కావాలి. గుడి గోడమీద పలకలు, సమాధుల తోటలో రాళ్ళు, గంట మీద, బల్లల వెనక, ఫ్యాను రెక్కల మీద రాసిన దాతల పేర్లు కూడా ఫొటో తీయండి. సీలింగు ఫ్యాను రెక్క మీద ఎర్ర పెయింటుతో రాసిన పేరూ తేదీ కొన్నిసార్లు మినిట్స్ కంటే ఖచ్చితంగా ఉంటాయి.

మిషన్ కాలం నాటి సంగతులు మీ ఊళ్ళో దొరక్కపోతే మిషన్ పాత రికార్డుల్లో వెతకాలి. సిఎంఎస్ కాగితాలు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో, లండన్ మిషన్, మెథడిస్టు మిషన్ కాగితాలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో, అమెరికన్ బాప్టిస్టులవి అట్లాంటాలో ఉన్నాయి. దగ్గరలో కావాలంటే బెంగళూరులోని యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ, హైదరాబాదులోని ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ ఉన్నాయి. ఉత్తరం రాసేటప్పుడు ఊరు, అప్పటి జిల్లా, మిషనరీ పేరు, సంవత్సరాలు నాలుగూ ఇవ్వండి. అప్పటి జిల్లా చాలా ముఖ్యం. ఒంగోలు 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉంది. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. 2016లో తెలంగాణలోనూ 2022లో ఆంధ్రప్రదేశ్‌లోనూ జిల్లాలు మళ్ళీ విడిపోయాయి. ఇప్పటి జిల్లా పేరుతో అడిగితే అక్కడివాళ్ళ జాబితాలో అది ఉండదు.

పుస్తకం చేతికొచ్చాక

ముందు ఏమీ బాగుచేయకండి. చిరిగినచోట సెలోటేపు అంటించడం, లామినేషను చేయించడం అన్నిటికంటే పెద్ద నష్టం. టేపు కొన్నేళ్ళకు పసుపు మరకై అక్షరాన్ని తినేస్తుంది. లామినేషను వేడికి పాత సిరా మారిపోవచ్చు, పైగా ఒకసారి చేశాక విప్పలేరు. తుప్పుపట్టిన గుండుసూదులు, పిన్నులు మాత్రం నెమ్మదిగా తీసేయండి. వాటి బదులు నూలు దారం వదులుగా కట్టండి. తడిసి అంటుకుపోయిన పేజీలను లాగితే రెండువైపులా రాత పోతుంది. నీడలో ఫ్యాను గాలికి ఆరనిచ్చి, వాటంతట అవి విడిపోతేనే తెరవండి. ఎండలో పెట్టొద్దు. వేపాకు మంచిదే గానీ పేజీల మధ్య పెట్టకుండా గుడ్డమూటలో కట్టి పెట్టెలో ఉంచండి, లేకపోతే ఆకు మరక కాగితానికి దిగుతుంది.

కాగితాలను 300 డిపిఐలో, చిన్న ఫొటోలను 600 డిపిఐలో స్కాన్ చేయండి. బైండు పుస్తకాన్ని స్కానరు మీద బోర్లించి నొక్కితే కుట్టు తెగుతుంది. దానికి ఫోనే మేలు. పుస్తకాన్ని బల్లమీద సగం తెరిచి, రెండోవైపు అట్టకింద దిండు పెట్టి, ఫోను స్టాండుకు బిగించి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా చూసుకోండి. ఫ్లాష్ వద్దు. ఒకరు పేజీ తిప్పాలి, ఒకరు తీయాలి. పేజీ మూలలు నాలుగూ ఫొటోలో పడాలి, ఖాళీ పేజీలు కూడా తీయాలి. ఖాళీ పేజీ తీయకపోతే రేపు ఎవరైనా ఆ పేజీ చింపేశారని అడిగినప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు.

ఫైలు పేరులో సంవత్సరం, నెల, రోజు, పుస్తకం, పేజీ అదే వరుసలో రాయండి. రోజు ముందు రాస్తే కంప్యూటరు అన్ని ఏళ్ళ ఒకటో తారీఖులనూ ఒకచోట కుప్పపోస్తుంది. రెండు పెన్‌డ్రైవుల్లో రెండు ఇళ్ళలో ఉంచండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుంచించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

ఫొటోల వెనక బాల్‌పెన్నుతో రాస్తే రాత ముందువైపుకు పొంగుతుంది. మెత్తని పెన్సిలుతో అంచున రాయండి. గ్రూపు ఫొటో అయితే నకలు తీసి మనుషుల మీద అంకెలు వేసి, వరుసగా పేర్లు రాయించండి. పేరు తెలియనివారి అంకె పక్కన ఖాళీ వదలండి. ఊహించి రాస్తే ఆ మనిషి మనవడు వచ్చి అడుగుతాడు.

తేదీలను పరీక్షించడం

ఇక్కడే ఓపిక కావాలి. సమాజం ఆదివారం ఆరాధన తర్వాత కూడే అలవాటున్నదైతే, ప్రతి తేదీకీ ఆ రోజు ఏ వారమో ఫోను క్యాలెండరులో చూడండి. మినిట్స్‌లో "12-11-1956 ఆదివారం" అని ఉందనుకుందాం. 1956 నవంబరు 12 సోమవారం. కార్యదర్శి ఆదివారం జరిగిన కూటాన్ని మర్నాడు కూర్చుని రాసి, రాసిన రోజు తేదీ వేసి ఉండవచ్చు. మీ చరిత్రలో "నవంబరు 11, ఆదివారం" అని రాసి, కింద అధోజ్ఞాపికలో మినిట్స్‌లో 12 అని ఉన్న సంగతి చెప్పండి.

అమెరికన్ మిషనరీలు రాసిన కాగితాల్లో ఇంకో చిక్కుంది. వాళ్ళు నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. లూథరన్, బాప్టిస్టు సంఘాలవాళ్ళు ఇది మరీ జాగ్రత్తగా చూడాలి. "5/6/1934" అని ఉంటే మన లెక్కన జూన్ 5, వాళ్ళ లెక్కన మే 6. జూన్ 5 మంగళవారం, మే 6 ఆదివారం. కూటం ఆదివారాలదైతే జవాబు దొరికినట్టే. అదే పుస్తకంలో 12 కంటే పెద్ద అంకె మధ్యలో వచ్చిన తేదీ ఒక్కటి కనబడినా మొత్తం పుస్తకానికి తాళంచెవి దొరుకుతుంది.

బాగా పాత పుస్తకాల్లో తెలుగు అంకెలుంటాయి. సిరా వెలిసిపోతే ౧ అంకె సున్నాలా కనబడుతుంది. మొత్తాన్ని కూడి చూస్తే ఏది నిజమో తేలుతుంది.

తేదీ లేని కరపత్రాలు, లెటర్‌హెడ్లు కూడా సాక్ష్యం చెబుతాయి. ఆరంకెల పిన్‌కోడు ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిదే. ఈనాడు కత్తిరింపు అయితే 1974 ఆగస్టు 10కి ముందుది కాలేదు. "నయా పైసలు" అని ఉంటే 1957 ఏప్రిల్ 1 తర్వాత, ఎక్కువ భాగం 1964 లోపు.

నగదు పుస్తకం నుంచి మనుషులు కనబడతారు

మినిట్స్‌లో "పలువురు సభ్యులు హాజరైరి" అని రాసి ఊరుకుంటారు. ఎంతమందో తెలియదు. నగదు పుస్తకం తెరవండి. నెల చందా నాలుగణాలని నియమావళిలో ఉంది, ఆ నెల చందా జమ 5-12-0 అని ఉంది. అంటే అయిదు రూపాయల పన్నెండణాలు. రూపాయికి పదహారణాల చొప్పున 92 అణాలు. నాలుగుతో భాగిస్తే 23. ఆ నెల చందా కట్టినవాళ్ళు ఇరవైముగ్గురు. ఇలా నెలనెలా కట్టుకుంటూ పోతే నాట్ల నెలల్లో, ఎండాకాలంలో చందా తగ్గడం, కోతపండుగకు పెరగడం కనబడుతుంది. సభ్యుల జీవనమేమిటో ఏ ప్రసంగం కంటే ఇది బాగా చెబుతుంది. రాసేవారు ఇలాంటిచోట ఆగి నాలుగు వాక్యాలు ఎక్కువ రాయాలి.

పాత లెక్కను దశాంశంలోకి మార్చాలంటే రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు (ఇప్పటి పైసలు కావు), మొత్తం 192 పైలు. 7-8-6 అంటే ఏడున్నర రూపాయలమీద ఆరు పైలు, ఇప్పటి లెక్కన 7.53. నిజాం రాజ్యంలోని సంఘాలైతే "హాలీ" (నిజాం రూపాయి) అని ఉందో "కల్దారు" (బ్రిటిషిండియా రూపాయి) అని ఉందో తప్పక చూడండి. ఏడు హాలీ రూపాయలకు ఆరు బ్రిటిషిండియా రూపాయలు లెక్క. రెండు రకాలూ కలిపి కూడితే మొత్తం తప్పు వస్తుంది. అప్పటి రూపాయిని ఇప్పటి విలువలోకి మార్చి "నేటి లక్షలతో సమానం" అని రాయకండి. దానికంటే అదే పుస్తకంలో ఆ నెల బియ్యం బస్తా ధరో మేస్త్రి కూలీయో పక్కన పెట్టండి, చదివేవారికి విలువ తెలిసిపోతుంది.

పిడికెడు బియ్యం లెక్కలు కొలతల్లో ఉంటాయి. అన్నం వండే ముందు ఇల్లాలు పిడికెడు తీసి కుండలో వేసి, వారం చివర గుడికి తెచ్చినది అది. కుంచానికి నాలుగు మానికలు అన్నది మామూలు లెక్కే గానీ మానిక పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారేది. అందుకని కిలోల్లోకి మార్చకుండా పుస్తకంలో ఉన్నట్టే కుంచాలు, మానికలు రాయండి. తూకాలు వీశెల్లో ఉంటే వీశెకు 120 తులాలు, సుమారు కిలో 400 గ్రాములు, మణుగుకు ఎనిమిది వీశెలు. ఇంకో సంగతి మరిచిపోవద్దు. ఈ బియ్యం పురుషుల సమాజం లెక్కలో ఎక్కినా తీసిపెట్టింది ఆడవాళ్ళు. స్త్రీల సమాజం పుస్తకాలు కూడా అడిగి చూడండి, వాళ్ళ వాటా మీ చరిత్రలో పేరుతో రావాలి.

ప్రతి ఏడాది ముగింపు నిల్వ మరుసటి ఏడాది ప్రారంభ నిల్వతో సరిపోవాలి. సరిపోకపోతే మధ్యలో పుస్తకం ఒకటి పోయి ఉండవచ్చు, లేదా గుడి ఖాతాకు అప్పు ఇచ్చి ఉండవచ్చు, లేదా కూడికలో తప్పు ఉండవచ్చు. ఈ మూడూ చూడకుండా ఎవరో తిన్నారని మాత్రం రాయకండి. కాగితం మీద తేలకపోతే "ఈ రెండేళ్ళ లెక్కలు దొరకలేదు" అని రాస్తే చాలు.

ఇదంతా ఒక పట్టికలోకి ఎక్కించండి. తేదీ, ఏం జరిగింది, ఎంత ఖర్చు, ఎవరెవరు, ఏ పుస్తకం ఏ పేజీ, ఇంకో సాక్ష్యం ఉందా అని ఆరు గడులు. చివరి గడి ఖాళీగా ఉన్నవాటికి ఎర్ర గుర్తు పెట్టి పెద్దల దగ్గరికి వెళ్ళండి.

పెద్దల దగ్గర కూర్చోవడం

తారీఖులు అడిగితే ఎవరికీ గుర్తుండవు. గుర్తుండేవాటిని ఆనవాలుగా పట్టుకుని అడగాలి. కోస్తాలో దివిసీమ ఉప్పెన, అంటే 1977 నవంబరు 19, అందరికీ గుర్తే. గోదావరి వాళ్ళకు 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 కోనసీమ తుపాను. కర్నూలు వాళ్ళకు 2009 అక్టోబరు వరద, విశాఖ వాళ్ళకు 2014 అక్టోబరు 12 హుద్‌హుద్. తెలంగాణలో 1948 సెప్టెంబరు పోలీసు చర్య, 1969 ఉద్యమం. ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయినది 1983 జనవరి. "గుడి వరండా వేసింది ఉప్పెనకు ముందా తర్వాతా తాతగారూ?" అని అడగండి. జవాబు ఇట్టే వస్తుంది. ఆ తర్వాత "అప్పటికి ఊళ్ళో కరెంటు వచ్చిందా, పెట్రోమాక్స్ లైటు పెట్టేవాళ్ళా" అని ఇంకాస్త దగ్గరికి రావచ్చు.

ఇద్దరు వెళ్ళండి. ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. ఫోను రికార్డింగు అనుమతి అడిగి పెట్టండి. ముప్పావు గంట దాటితే పెద్దవారు అలసిపోతారు, ఇంకోరోజు రండి. పాత గ్రూపు ఫొటో ఒకటి చేతికిస్తే అడగకుండానే మాట వస్తుంది. చేతిపనిని గురించి అడగండి. శవపేటిక ఎవరు చేసేవారు, చెక్క ఎక్కడిది, వానాకాలం గొయ్యిలో నీరు ఊరితే ఏం చేసేవారు, అర్ధరాత్రి కబురు వస్తే ఎవరు ఎవర్ని లేపేవారు? సమాజానికి ప్రాణం అక్కడుంది. అధ్యక్షుడిగా ఎప్పుడూ ఎన్నిక కాని, ప్రతి చావుకూ ముందు వచ్చి గునపం పట్టిన మనిషి పేరు ఈ ప్రశ్నలకే బయటికి వస్తుంది. ఆయన పేరు మినిట్స్‌లో ఎక్కడా ఉండకపోవచ్చు. మీ పుస్తకంలో ఉండాలి.

ఒక్కరి నోటి మాట మీదే నిలబడిన సంగతిని "పెద్దలు చెప్పగా" అని రాయండి. ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు ఒకేలా చెప్తే నమ్మొచ్చు. ఇద్దరూ అదే పాత సావనీరు చదివి చెప్తుంటే మాత్రం అవి రెండు సాక్ష్యాలు కావు, ఒకటే. పాత సావనీర్లలో తప్పులు ఇలాగే యాభై ఏళ్ళు బతుకుతాయి.

ఏది రాయాలి, ఏది వద్దు

సహాయం పొందినవారి పేర్లు అచ్చువేయకండి. మినిట్స్‌లో పేరు, వీధి, జబ్బు అన్నీ ఉంటాయి. వాళ్ళ పిల్లలు ఇప్పుడు అదే గుడిలో మీ పక్క బల్ల మీద కూర్చుంటారు. "1974లో పదకొండు కుటుంబాలకు బియ్యం, ఇద్దరు పిల్లలకు పరీక్ష ఫీజు" అన్నంతవరకు చాలు. క్రమశిక్షణ తీర్మానాలు, ఇంటి తగాదాలు, అప్పు ఎగ్గొట్టినవారి జాబితాలు స్కాన్ చేసి దాచండి గానీ పుస్తకంలోకి తేకండి.

సమాజం చీలిపోయిన ఏడాదులు మాత్రం దాటవేయొద్దు. ఎన్నిక గొడవో, గుడి స్థలం గొడవో, పేటల మధ్య కులం పట్టింపో, కొన్నేళ్ళు రెండు కూటాలు విడివిడిగా నడిచి ఉంటాయి. మినిట్స్‌లో మూడేళ్ళ ఖాళీ కనబడుతుంది, అందరికీ కారణం తెలుసు, పుస్తకంలో మాత్రం "కొన్ని అనివార్య కారణాల వల్ల" అని వస్తుంది. అలా రాయకండి. ఏ తేదీన ఏ తీర్మానం మీద భేదం వచ్చిందో, ఎప్పుడు మళ్ళీ కలిశారో రాయండి, రెండు వైపులవారికీ ఆ పేజీలు ముందుగా చూపించండి. తేదీలు, తీర్మానం మాటలు ఉన్నవి ఉన్నట్టు పెడితే ఎవరూ కాదనలేరు. విశేషణాలు పెడితే గొడవ మళ్ళీ మొదలవుతుంది.

అధ్యాయాలను అధ్యక్షుల కాలాలుగా విడగొట్టకండి. పనులుగా విడగొట్టండి. భూస్థాపనలూ సమాధుల తోటా ఒకటి, తుపాను, వరద, కరువు ఒకటి, బడి ఫీజులూ హాస్టలు పిల్లలూ ఒకటి, క్రిస్మస్ రౌండ్లూ కోతపండుగా ఒకటి. పదవుల జాబితా చివర పట్టికలో వస్తుంది.

అచ్చు

డెమీ 1/8 సైజులో 96 పేజీలు సరిపోతాయి. పదహారు పేజీల ఫారాలు ఆరు. పేజీలు పదహారు గుణిజంలో ఉండేలా చూసుకుంటే కాగితం వృథా కాదు. ఫొటోలు పుస్తకమంతా చల్లే బదులు మధ్యలో ఎనిమిది పేజీల ఆర్ట్ పేపరు పెట్టండి. పది సెంటీమీటర్ల వెడల్పున అచ్చు కావాల్సిన ఫొటో కనీసం 1200 పిక్సెళ్ళుండాలి.

మీరు యూనికోడ్‌లో టైపు చేస్తారు, ప్రెస్సులో అను ఫాంట్లలోకి (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) మారుస్తారు. ఆ మార్పిడిలో ఒత్తులు జారిపోతాయి, "క్ష్మి", "ర్య", "స్త్ర" లాంటివి విరుగుతాయి, పొల్లులు వేరే అక్షరం మీదికి పోతాయి. పేర్లలోనే ఈ తప్పులు ఎక్కువ వస్తాయి. అందుకని మార్చిన తర్వాతే ప్రూఫు చూడండి, మూడుసార్లు చూడండి. మూడోసారి పేర్లు, తేదీలు, అంకెలు మాత్రమే, ఒకరు స్కాన్లు పట్టుకుని పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫులో సరిచూడాలి. అచ్చయ్యాక ప్రెస్సు ఫైలుతోపాటు మీ యూనికోడ్ ప్రతిని కూడా దాచండి. పాతికేళ్ళ తర్వాత అను ఫాంటు ఫైలు తెరుచుకుంటుందన్న భరోసా లేదు.

ప్రతులు గుడి బీరువాకు, డయాసిస్ లేదా సినడ్ ఆఫీసుకు, జిల్లా గ్రంథాలయానికి, పైన చెప్పిన రెండు కాలేజీల గ్రంథాలయాలకు పంపండి. పుస్తకాలిచ్చిన ప్రతి ఇంటికీ ఒక ప్రతి, దానితోపాటు తీసుకున్న అసలు పుస్తకం, మీరిచ్చిన రశీదు చూసి సంతకం పెట్టించుకుని తిరిగి ఇవ్వండి. ఆ ఇంటివారు గుడిలోనే ఉంచమంటే, ఆ మాట కాగితం మీద రాయించుకుని, పుస్తకాన్ని నూలుగుడ్డలో చుట్టి, నేలకు అడుగు ఎత్తున, గోడకు తగలకుండా ఉక్కు బీరువాలో పెట్టి, తాళంచెవులు రెండూ ఇద్దరు వేర్వేరు పదవుల వారికి ఇవ్వండి.